ఆదివారం టిక్కు

పోయిన వారం చలియంత్రం గది గుమ్మం దగ్గర ఆగిపోయాం. అందరూ పిచ్చుక అని పిలిచే పరిశోధక విద్యార్థిని మెట్లు రెండేసి చొప్పున దిగొచ్చి, పత్రికకు పంపిన పరిశోధన వ్యాసం మీద పేర్లు బయటపెట్టని పరీక్షకుల అభిప్రాయాలు వచ్చేశాయని కేక పెట్టింది. చెప్పిన పిల్ల ముఖం వెలిగిపోతోంది. విన్న మనిషి మాత్రం చేతిలోని స్పానర్ ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

ఆ మనిషినే రసాయనశాస్త్ర శాఖలో అందరూ చలిపులి అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, అది వేరే సంగతి. ముప్ఫయ్యేళ్లు దాటాయి, ఆ యంత్రం ఆలనా పాలనా ఆవిడదే. పంపు చప్పుడులో కాస్త తేడా వస్తే రెండు గదుల అవతలి నుంచి పసిగడుతుంది. మీటల మీద చెయ్యి వేసినవాడు ఎంత పెద్ద ఉద్యోగి అయినా సరే, దుమ్ము దులిపి వదులుతుంది. అంతటి మనిషికి నోట మాట రాలేదంటే కారణం ఉంది. ఆ కారణం పేరు పొడుగమ్మాయి. పందొమ్మిదేళ్ల కిందట ఇదే గదిలో ఇదే ప్రయోగం చేసి, దొంగ అనిపించుకుని వెళ్లిపోయిన పరిశోధక విద్యార్థిని.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ల కోసం ఆ ప్రయోగం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. యంత్రం కడుపులో ఒక చిన్న స్ఫటికపు బిళ్ల ఉంటుంది. దాన్ని మూడు కెల్విన్ల దాకా, అంటే నీళ్లు గడ్డకట్టే చలికి రెండొందల డెబ్బై డిగ్రీల కిందికి చల్లబరుస్తారు. అక్కడి నుంచి ఇంకా కిందికి దిగాలంటే మిగిలినవి మూడు మెట్లే, ఆ తర్వాత ఎవరికీ దారి లేదు. ఆ బిళ్ల మీద ఆర్గాన్ వాయువు పలచని మంచుపొరలా గడ్డకడుతుంది. పొరలో ఒక కార్బీన్ అణువు, దాని పక్కనే ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు ఇరుక్కుని ఉంటాయి. కార్బన్‌కు మామూలుగా నాలుగు చేతులు. కార్బీన్‌లోని కార్బన్‌కు రెండు చేతులకే పని దొరికింది, మిగతా రెండూ ఖాళీ. పక్కదాన్ని పట్టుకోవాలని దానికి ఒకటే తహతహ. కానీ మధ్యలో పెద్ద గట్టు ఉంది. గట్టు ఎక్కాలంటే వేడి కావాలి, ఆ చలిలో వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఏమీ జరగకూడదు.

జరిగింది. తెర మీద కార్బీన్ తాలూకు గీత గంటగంటకూ తరిగిపోయింది, దాని పక్కన కొత్త పదార్థం గీత పెరిగింది. అణువు గట్టు ఎక్కకుండా, గట్టులోంచే అవతలికి పోయింది. మనుషులకు చేతకాని ఈ విద్యను టన్నెలింగ్ అంటారు. పిచ్చుక రుజువు కూడా పట్టుకొచ్చింది. మూడు కెల్విన్ల దగ్గర ముప్ఫై గంటల్లో సగమైన గీత, పన్నెండు దగ్గర కూడా ముప్ఫై గంటల్లోనే సగమైంది. గట్టు ఎక్కే పనే అయితే వేడి పెరిగినకొద్దీ వేగం పెరగాలి కదా. వీసమెత్తు పెరగలేదు.

ఇదంతా ఎవరైనా నమ్మాలంటే ఒక్క షరతు ఉంది. ఆ గంటలన్నీ పొర మీద వెలుతురు పడకూడదు. పడితే, కార్బీన్‌ను కదిలించింది వెలుతురే అని కొట్టిపారేస్తారు. అందుకే యంత్రం పక్క కిటికీకి రెండు పొరల ఫాయిల్ చుట్టి, నల్ల టేపు వేస్తారు. ఎనిమిది గంటలకోసారి వచ్చి ఫాయిల్ సరిగ్గా ఉందో లేదో చూసి, చీకటి రిజిస్టర్‌లో ఆ పూట గడిలో టిక్కు పెట్టాలి. ఆ టిక్కులు చలిపులి చేతివి.

*

సోమవారం పొద్దున పదకొండింటికి ముగ్గురూ ఆ గదిలో కూర్చున్నారు. పిచ్చుక కంప్యూటర్ ముందు, చలిపులి దాని వెనక స్టూలు మీద, ప్రొఫెసర్ గోడవార కుర్చీలో. ప్రొఫెసర్ రిటైరై పదేళ్లు దాటింది. అయినా సోమవారం వచ్చిందంటే చాలు, ఇస్త్రీ చొక్కాతో దిగబడతాడు. పిచ్చుకకు దారి చూపించేది ఇప్పటికీ ఆయనే. వ్యాసంలో చివరి పేరు ఆయనది.

యంత్రం తన మానాన తను చప్పుడు చేస్తోంది. సెకనుకొక దెబ్బ, మెత్తగా, గోడ అవతల ఎవరో వట్టి కాళ్లతో నడుస్తున్నట్టు. కొత్తవాళ్లు ఆ చప్పుడుకు గంటలో అలవాటుపడతారు. చలిపులి ముప్ఫయ్యేళ్లకు కూడా పూర్తిగా అలవాటుపడలేదు. మొదటి పన్నెండేళ్లు అది పంపు చప్పుడే. పొడుగమ్మాయి వెళ్లాక అది అడుగుల చప్పుడైంది.

పొడుగమ్మాయికి ఒక అలవాటు ఉండేది. తెర మీద గీత పడుతున్నంతసేపూ చలిపులి వెనక నిలబడి, వంగి, గడ్డం ఆవిడ కుడి భుజం మీద ఆన్చేది. "చూడక్కా, తరుగుతోంది చూడు" అని గుసగుసగా అనేది. గట్టిగా మాట్లాడితే గీత బెదిరిపోతుందేమో అన్నట్టు. ఆ పిల్ల వెళ్లిపోయిన మర్నాటి నుంచి ఆ భుజం మీద బరువు మొదలైంది. గదిలో దీపం ఆర్పితే చాలు, వచ్చి ఆనుతుంది. ఏడాది తిరక్కుండానే ఏదో ఊళ్లో జ్వరంతో పోయిందన్న కబురు చెవిన పడింది. ఆ రోజు నుంచి బరువు చల్లబడింది. డాక్టరు నరం పట్టేసిందన్నాడు. చలిపులి మందులు వాడింది, డాక్టరును మాత్రం నమ్మలేదు.

"మొదటి పరీక్షకుడు మనల్ని ఆకాశానికి ఎత్తేశాడు పిన్నీ," అంది పిచ్చుక. "రెండో ఆయన ఏడు ప్రశ్నలు వేశాడు. ఐదింటి దాకా చదివాను, వాటికి జవాబులు నా దగ్గరే ఉన్నాయి. ఆరోది చదువుతాను, వినండి."

"చదువమ్మా," అన్నాడు ప్రొఫెసర్ కళ్లు మూసుకుని.

"చీకటి రిజిస్టర్‌లో టిక్కులు ప్రతిసారీ కిటికీ చూసిన తర్వాతే పెడతారా, లేక శని, ఆదివారాలవి కూడా కలిపి శుక్రవారం సాయంత్రమే పెట్టేస్తారా?"

పిచ్చుక చదవడం ఆపి వెనక్కి తిరిగింది. "అసలు ఇదేం ప్రశ్న? వ్యాసంలో నేను రిజిస్టర్ ఊసే ఎత్తలేదు. మనకు అలాంటి పుస్తకం ఒకటుందని ఎక్కడో కూర్చున్న మనిషికి ఎలా తెలుసు?"

ప్రొఫెసర్ కళ్లు తెరిచాడు. గదిలో రెండు ట్యూబులైట్లూ వెలుగుతూనే ఉన్నాయి, అయినా చలిపులి కుడి భుజం మీద చల్లగా ఏదో ఆనింది.

"తర్వాతే అని రాసెయ్," అన్నాడు ప్రొఫెసర్. "ఇందులో అంత ఆలోచించేది ఏముంది? నిజమేగా. ఏమ్మా, నిజమేనా కాదా?"

నిజమే. అక్కడే వచ్చింది చిక్కంతా. పందొమ్మిదేళ్లుగా చలిపులి ఒక్క టిక్కు కూడా ముందు పెట్టలేదు. శనివారం మూడుసార్లు, ఆదివారం మూడుసార్లు రెండు బస్సులు మారి వచ్చి, చూసి, టిక్కు పెట్టి వెళ్తుంది. యంత్రం ఖాళీగా ఉన్న వారాల్లో కూడా వస్తుంది. ఆవిడకు ఇల్లు పట్టదని కుర్రకారు నవ్వుకుంటారు. కొడుకైతే ఆ గదిలోనే మంచం వేయించుకోమని విసుక్కున్నాడు. ఎందుకొస్తుందో ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలల్లో రిటైరైపోతే ఇక చెప్పే పని కూడా ఉండదనుకుంది.

"ఇప్పటి సంగతి నిజమే సార్," అంది. "కానీ ఆ మనిషి అడుగుతోంది ఇప్పటి సంగతి కాదు."

"అడిగినదానికి జవాబు చెబుతాం. అడగనిది మనకెందుకు?"

"పిన్నీ, నాకేమీ అర్థం కావట్లేదు," అంది పిచ్చుక.

చలిపులి స్టూలు మీద నుంచి లేచింది. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది ఆవిడకు.

"నీకన్నా ముందు ఇక్కడ ఒక పిల్ల ఉండేదమ్మా. నువ్వు ఈ ఏడాది చూసిన గీత, ఆ పిల్ల అప్పుడే చూసింది. ఇదే కార్బీన్, ఇదే కార్బన్ డయాక్సైడు. చీకట్లో తరుగుతోందని సార్‌తో చెబితే సార్ నమ్మలేదు. వెలుతురు పడుంటుంది, శుక్రవారం నుంచి సోమవారం దాకా చీకట్లో పెట్టి మళ్లీ చూపించమన్నారు. శుక్రవారం సాయంత్రం ఫాయిల్ నేనే చుట్టాను. అప్పటికి మా వాడికి ఐదేళ్లు, ఒళ్లు కాలిపోతోంది జ్వరంతో. రెండు రోజులు మళ్లీ వచ్చే ఓపిక లేదు. చుట్టిన ఫాయిల్ ఎక్కడికి పోతుందిలే అని, శని ఆదివారాల గడులన్నింటికీ అప్పుడే టిక్కులు కొట్టేశాను. అంతకుముందు కూడా అలాగే చేసేదాన్ని. ఇలాంటి గదుల్లో పనిచేసేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు, ఎవరూ చెప్పరంతే."

"తర్వాత?"

"సోమవారం సార్ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లు సంతకం చేసే పుస్తకం తెప్పించారు. ఆదివారం నేను లోపలికి రాలేదని అందులో ఉంది. వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. మరి ఆదివారం గడిలో టిక్కు ఎవరు పెట్టారని అడిగారు. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ పిల్ల నా పక్కనే నిలబడింది. నాది కాదన్నాను."

పిచ్చుక చేతులు కీబోర్డు మీద నుంచి జారి ఒళ్లో పడ్డాయి.

"శుక్రవారం నేను టిక్కులు కొడుతుంటే ఆ పిల్ల చూసింది. పక్కనే ఉంది. 'బాబును చూసుకో అక్కా, ఫాయిల్ సంగతి నేను చూస్తాలే' అంది. నేను నాది కాదన్నప్పుడు తల తిప్పి నా ముఖంలోకి చూసింది. నేను నేలచూపులు చూశాను. అప్పుడు తను ఒక్క మాట అంటే చాలు, నా ఉద్యోగం పోయేది. అనలేదు. టిక్కు దొంగగా పెట్టి చీకటి అని నమ్మించబోయిందని రాశారు. మూడేళ్ల పని చెత్తబుట్టలోకి పోయింది. వెళ్లేటప్పుడు నాతో చెప్పి వెళ్లింది. వెళ్లొస్తానక్కా అంది."

అంతవరకూ గొంతు నిలబెట్టుకుంది చలిపులి. ఆ చివరి మాట దగ్గర నిలవలేదు. కన్నీళ్లు తుడుచుకోవడం కూడా సిగ్గుగా తోచి అలాగే వదిలేసింది. ఏడ్చే హక్కు తనకు లేదని ఆవిడ గట్టి నమ్మకం.

"నాకు అప్పుడే తెలుసు," అన్నాడు ప్రొఫెసర్.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"నీ టిక్కుకు చివర తోక ఉంటుందమ్మా. పైకి పోయి చిన్నగా వంకర తిరుగుతుంది. పన్నెండేళ్లు చూసినవాణ్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా? నీదేనని తెలిసే అడిగాను."

"తెలిసి మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వు కాదన్నావు కాబట్టి." ఆయన చొక్కా మడత సరిచేసుకున్నాడు. "జరిగిందేదో జరిగింది. ఆ పిల్ల లేదు, ఇప్పుడు తవ్వి తీస్తే ఎవరికి మేలు? ఈ పిల్ల సంగతి చూడు. నువ్వు రిజిస్టర్ మీద అనుమానం రాయించావనుకో, వ్యాసం అక్కడికక్కడే ఆగిపోతుంది. దాని మీదే ఈ పిల్ల థీసిస్ ఆధారపడి ఉంది. నీ మనసు తేలికపడటానికి ఇంకో ఆడపిల్ల బతుకు తాకట్టు పెడతావా?"

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. పొద్దున్నే సద్ది డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, ఈ గదిలోనే పొద్దుగూకేదాకా గడిపి, గీత తరిగిన రోజున తనను పట్టుకుని గిరగిరా తిప్పేసిన పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది. ఒకదాన్ని ముంచింది చాలదా అని చలిపులికి అనిపించింది. 'తర్వాతే' అన్న ఒక్క మాట రాయిస్తే అబద్ధం కూడా కాదు. అందరూ హాయిగా ఇళ్లకు వెళ్లొచ్చు.

పిచ్చుక తల తిప్పి చలిపులి ముఖంలోకి చూసింది. ఏం రాయమంటావని అడిగే చూపు, అంతే. కానీ ఆ చూపు ఆవిడ ఇంతకుముందొకసారి చూసింది, దాన్ని తప్పించుకుని పందొమ్మిదేళ్లు బతికింది. ఈసారి నేల వైపు చూడలేదు.

"రాయమ్మా," అంది. "ఇప్పటి ప్రయోగంలో ప్రతి టిక్కూ కిటికీ చూశాకే పెట్టాను. పందొమ్మిదేళ్ల కిందట మాత్రం శుక్రవారం సాయంత్రమే పెట్టాను. ఆదివారం టిక్కు నాదే. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. కింద నా పేరు రాయి, నేను చేసే పని కూడా రాయి."

"రాస్తున్నా పిన్నీ," అంది పిచ్చుక. "థీసిస్ సంగతి తర్వాత చూసుకుందాం. ఇంకొకరు చూసిన గీతను నేనే ముందు చూశానని రాసుకుంటే రేపు అద్దంలో నా ముఖం నేనే చూసుకోలేను." ఆ పిల్ల వేళ్లు టకటకా కదిలాయి.

"ఆపు!" ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. సోమవారాల్లో ఎప్పుడూ పెరగని గొంతు పెరిగింది. "టిక్కు, టిక్కు అని ఒకటే గోల. ఆ టిక్కు ఎవరిదైతే ఏమిటి? ఆదివారం ఆ కిటికీకి ఫాయిలే లేదు!"

ఇన్నేళ్లూ చలిపులి పట్టుకుని వేలాడిన కొమ్మ ఒక్కటే. టిక్కు ముందుగా పెట్టానే గాని, ఫాయిల్ మాత్రం గట్టిగా చుట్టాను, లోపల చీకటి నిజమైన చీకటే అని. అబద్ధమాడిన నోటికి ఆ ఒక్క నిజమే ఆసరా.

"లేకపోవడం ఏమిటి సార్? రెండు పొరలు చుట్టాను. టేపు నాలుగు వైపులా వేశాను. నాకు బాగా గుర్తు."

"నువ్వు చుట్టావు." ప్రొఫెసర్ గొంతు దిగిపోయింది. "నేను విప్పాను."

యంత్రం చప్పుడు గోడ అవతలి అడుగుల్లా సాగుతూనే ఉంది.

"ఆదివారం మధ్యాహ్నం వచ్చాను. ప్రొఫెసర్లను గేటు దగ్గర సంతకం ఎవరు అడుగుతారు? అంత చలిలో ఏదీ కదలదని పాతికేళ్లు పాఠం చెప్పినవాణ్ని. నేను రాసిన పాఠ్యపుస్తకంలో కూడా అదే ఉంది. నిన్న మొన్న వచ్చిన పిల్ల కదులుతోందంటే ఎలా ఒప్పుకోను? వెలుతురు తగిలితే గీత ఎంత జోరుగా పడిపోతుందో పట్టి చూపించి, 'ఇదమ్మా నీ టన్నెలింగ్' అందామనుకున్నాను. పన్నెండింటికి విప్పాను. ఆరింటికి మళ్లీ చుట్టేశాను."

చలిపులి కన్నీళ్లు ఎప్పుడు ఆగాయో ఆవిడకే తెలియదు. భయం పోయింది, సిగ్గు పోయింది. మిగిలింది ముప్ఫయ్యేళ్లు ఆ యంత్రాన్ని సాకిన మనిషి ఒక్కతే. ఆ మనిషికి అడగాల్సిన ప్రశ్న ఏదో బాగా తెలుసు.

"ఆ ఆరు గంటల్లో గీత ఎంత తరిగింది సార్?"

ప్రొఫెసర్ మళ్లీ చొక్కా మడత సరిచేసుకున్నాడు.

"యంత్రం గంటగంటకూ గీసుకుంటుంది కదా. మీరు చూసే ఉంటారు. వెలుతురు పడ్డాక ఎంత జోరుగా పడిపోయింది?"

"పడిపోలేదు." ఆయన ఇద్దరిలో ఎవరినీ చూడటం లేదు. "శనివారం ఆరు గంటల్లో ఉన్నదాంట్లో ఎంత వంతు తరిగిందో, ఆదివారం ఆరు గంటల్లోనూ అంత వంతే తరిగింది. వెంట్రుకవాసి తేడా లేదు. వెలుతురు ఉన్నా దానికి ఒకటే, లేకున్నా ఒకటే. అది దాని దారిన అది పోతోంది."

"అంటే ఆ పిల్ల చెప్పింది నిజమని ఆదివారం సాయంత్రానికే మీకు తెలుసు," అంది చలిపులి. ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "తెలిసి, సోమవారం నన్ను పిలిచి టిక్కు ఎవరిదని అడిగారు."

"అడిగాను. నువ్వు నాది కాదన్నావు. నాకు అంతకన్నా ఇంకేం కావాలి?"

తప్పులో సగం ఇంకొకరు పంచుకుంటే బరువు సగం కావాలి కదా. కాలేదు. ఆ పిల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి, ఇద్దరూ కలిసి తోసేశారన్న సంగతి ఇప్పుడు తెలిసింది, అంతే తేడా. అప్పుడు నాదేనని ఒక్క మాట చెప్పి ఉంటే ఈయనకు దారి దొరికేదే కాదు. ఆ ఆలోచన రాగానే ఆవిడ గోడకు చెయ్యి ఆన్చి నిలబడింది.

పిచ్చుక తెరను ఇంకాస్త కిందికి జరిపింది. ఏడో ప్రశ్న ఇంకా ఎవరూ చదవలేదు. తనలో తను ఒకసారి చదువుకుంది. ఆ పిల్ల మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం చలిపులికి వెనక నుంచి కనిపించింది.

"ఇది మీకు అనుకుంటా సార్," అంది పిచ్చుక. "చదవనా?"

అనుమతి కోసం ఆగకుండా తనే చదివేసింది.

"చీకటి ప్రయోగం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఫాయిల్ విప్పి, సాయంత్రం మళ్లీ చుట్టిన సందర్భం ఏదైనా ఉందా? ఉంటే, ఆ ఆరు గంటల గీతలు కూడా వ్యాసంలో చేర్చాలి. విప్పినవారు తమ పేరు తామే రాయగలరని ఆశిస్తున్నాను."

ప్రొఫెసర్ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పెద్దరికమంతా పోయిన గొంతుతో, చలిపులిని అడిగాడు.

"ఆ పిల్ల జ్వరంతో పోయిందని నాకు చెప్పింది నువ్వే కదమ్మా?"

"నేనా?" అంది చలిపులి. "లేదు సార్. నాకు మీరే చెప్పారు."